విరగాల్సిన పిన్ను

సంగీత గంజి వార్చి, ఆ గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఆమె భర్త కుడిచెయ్యి గడప బండ మీద ఉంది. మోచేతి మీద పరమేశ్ మోకాలు ఆనించి కూర్చున్నాడు. ఎదురుగా మరిది నరేశ్, ఎడమచేత్తో సుత్తె పట్టుకుని నిలబడ్డాడు.

కమలాకర్ బోర్లా పడి ఉన్నాడు. పెదవి చిట్లి, నెత్తురు గడ్డం మీదుగా బండ మీదికి కారుతోంది.

“వదినె, జర పక్కకు జరుగు,” అన్నాడు నరేశ్. మెల్లగానే అన్నాడు. అరిచి ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదు.

“సుత్తె కింద పెట్టు నరేశ్.”

“పెడ్త. ఒక్క దెబ్బ ఎయ్యంగనే పెడ్త.”

నిన్ననే దవాఖాన నుంచి వచ్చాడు నరేశ్. కుడిచేతికి పెద్ద కట్టు, ఆ కట్టును మోస్తూ మెడలో గుడ్డపట్టీ. లోపల బొటనవేలు, దాని పక్క వేలు మాత్రమే మిగిలాయి. తక్కినవి సూరత్‌లోని పాండేసరా మిల్లులో, బట్టను నొక్కి చుట్టే రోలర్ల మధ్య పోయాయి. ఆ మిషన్ నడిపేది కమలాకర్. ఎదురుగా నిలబడి చేత్తో ముడతలు తీసేది నరేశ్. పరమేశ్ అదే మిల్లులో వాళ్లతో పనిచేసేవాడు, నరేశ్‌కు జిగ్రీ దోస్తు.

“చెప్పన్నా. ఆ పిన్ను ఎవరు పెట్టిన్రు?”

“నేనే పెట్టిన,” నేల మీంచే అన్నాడు కమలాకర్. “డబ్బాల ఉన్నది తీసి పెట్టిన. అది వేరే రకమని నాకు తెల్వదురా.”

“పొద్దు మాపు మిషన్ తోనే సంసారం చేస్తవ్. తెల్వదంటే నమ్మాల్నా?”

“నమ్మకుంటే కొట్టు.”

“కొడ్తాననే గద నిలవడ్డ.”

సుత్తె లేచింది. సంగీత ఆలోచించలేదు. చేతిలోని గంజి పరమేశ్ కాలి మీద కుమ్మరించింది.

పరమేశ్ కేక పెట్టి పక్కకు దొర్లాడు. సుత్తె బండ మీద పడి, రాతిపెచ్చు ఒకటి లేచి సంగీత చెంపకు తగిలింది. అప్పటికే కమలాకర్ చెయ్యి లాక్కున్నాడు. లేస్తూనే తమ్ముడి నడుము పట్టుకుని గోడకు తోశాడు. నరేశ్ సుత్తె పిడితో అన్న వీపు మీద బాదాడు, ఒకసారి, మళ్లీ ఒకసారి. పెనుగులాటలో కమలాకర్ భుజం ఆ కట్టుకు తగిలింది.

నరేశ్ నోట్లోంచి వచ్చిన మూలుగు మనిషిది లాగా లేదు. కట్టు మీద ఎర్రటి మచ్చ పుట్టి, చూస్తుండగానే అరచేతి మేర పాకింది.

“అయ్యో తమ్మీ, చూస్కోలే రా,” అన్నాడు కమలాకర్, ఇంకా అతని నడుము వదలకుండానే.

అప్పుడే గల్లీలోని నల్లా దగ్గర్నుంచి నీళ్లు పట్టుకొచ్చింది సారక్క, వాళ్ల తల్లి. కొడుకులిద్దర్నీ చూసింది. చంకలోని ప్లాస్టిక్ బిందె అక్కడే వదిలేసింది. అది పగిలి నీళ్లు గంజిలో కలిశాయి, గంజి నెత్తుట్లో కలిసింది. ఆమె వాటన్నిటినీ తొక్కుకుంటూ వచ్చి పెద్దవాణ్ని ఒకటి, చిన్నవాణ్ని ఒకటి చెంప మీద కొట్టింది.

“ఒక్క కడుపుల పుట్టిన్రా, రెండు కుక్కల కడుపుల పుట్టిన్రా మీరు?”

“నీ పెద్దకొడుకునే అడుగు అవ్వా.”

“ఇద్దర్ని అడుగుతున్న.”

నరేశ్ సుత్తె చంకలో ఇరికించుకుని, జేబులోంచి ఒక ఇనప ముక్క తీసి తల్లి అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలంత పొడుగు, పెన్సిలంత లావు. “చూడే. నీ చిన్నకొడుకు కంటె గట్టిది. నా ఏళ్లు ఇరిగినయ్, ఇది ఇరగలే. పరమేశ్ మిషన్‌లకెల్లి సుత్తెతోని కొట్టి తీసి దవాఖానకు తెచ్చిండు.”

మిషన్‌లో అన్నిటికన్నా బలహీనంగా ఉండాల్సింది ఆ పిన్ను. మోటారు తిప్పే పళ్లచక్రానికీ, రోలర్‌కూ మధ్య ఉంటుంది. బట్ట ముద్దగా చుట్టుకున్నా, మనిషి చెయ్యి ఇరుక్కున్నా, ముందు అది పుటుక్కున విరగాలి. మోటారు ఉత్తగా తిరుగుతుంది, రోలర్ ఆగిపోతుంది. మిషన్‌తోపాటు వచ్చినవి తెల్లటి ప్లాస్టిక్ పిన్నులు. మిల్లులోని ఆవిరికి తేమ పీల్చి మెత్తబడి, ఊరికూరికే తెగేవి. పెండ్లి చుట్టం లెక్క, జర మాటంటే అలుగుతయి అని నవ్వేవాడు నరేశ్. ఆ అలక భరించలేక కమలాకర్ మెత్తటి కచ్చా ఇనుముతో పిన్నులు చేయించడం మొదలుపెట్టాడు. అవీ విరిగేవి, కాస్త ఆలస్యంగా. విరిగినప్పుడల్లా మిషన్ బంద్. సూపర్‌వైజర్ తిట్లు. అన్నదమ్ములు ఇంటికొచ్చి నీవల్లంటే నీవల్లని కలబడటం. వాళ్లుండే వడోద్‌లో ఆ గల్లీకంతటికీ అది అలవాటైన తమాషా.

ఈ పిన్ను మాత్రం విరగలేదు. వారం పాటు మిషన్ ఆగలేదు. ఆ వారం ఇంట్లో కొట్లాట కూడా లేదు.

“పిన్నులు చేసేది చారి,” అన్నాడు కమలాకర్, పెదవి తుడుచుకుంటూ. “నేను చెప్పింది కచ్చావి. ఆయన్నే అడుగుదాం పా.”

“పోదాం. నువ్వు చేయించినవని చారి అంటే, గా ఖరాద్ మిషన్ మీదనే పెడ్త నీ చెయ్యి.”

“ఇంకెవ్వడన్న చేయించిండంటే?”

“వాడు మార్కండేయ సామి అయినా ఇడువ.”

సారక్క కొంగు బిగించింది. “పోయి తెలుసుకోండ్రి. మళ్లొచ్చినంక ఇద్దరు కదురు మీద చెయ్యి పెట్టి చెప్పాలె. అటెనుక ఎవడు ఎవన్ని చంపుకుంటడో నేను సూస్త.”

ఆ ఇంట్లో కదురు మీద చెయ్యి పెట్టాక అబద్ధం ఆడినవాళ్లు లేరు. సంగీత మామ రాజలింగం తల్లి రాట్నం వడికిన ఉక్కు కదురు అది. ఊళ్లో రాట్నం చెదలు పట్టి పోయింది, కదురు మాత్రం సూరత్ దాకా వచ్చింది. కులదైవం మార్కండేయ స్వామి పటం కింద చెక్కపెట్టెలో, ఎర్రగుడ్డలో ఉంటుంది. దసరాకే పెట్టె తెరుస్తారు. దానికి నూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టేది కోడలు సంగీత.

మూల మంచంలో గోడవైపు తిరిగి పడుకున్న రాజలింగం పొద్దుటి నుంచీ దగ్గుతూనే ఉన్నాడు. కదురు మాట వినగానే ఆ దగ్గు ఆగింది. సంగీత అటు చూసింది. ఆయన వీపు కదలలేదు.

ఆమె కూడా చెప్పులు వేసుకుంది. “నేనొస్త.”

“నువ్వెందుకే?” అన్నాడు కమలాకర్.

“నిన్ను ఎత్తుకొని రానీకె ఒకరుండాలె గద.”

* * *

ఆ రోజు కొన్ని గంటలు కరెంటు సెలవు. మామూలుగా అడుగు తీసి అడుగు వేస్తే మరమగ్గాల చప్పుడు పళ్లలోకి దిగే గల్లీ అది. ఇవాళ ఎవరింట్లో ఏ గిన్నె పడిందో కూడా వినిపిస్తోంది. మగ్గాల మీద పనిచేసే కారీగర్లు లుంగీలతో గడపల మీద కూర్చుని వీళ్లను చూస్తున్నారు. పరమేశ్ కుంటుతూ వస్తున్నాడు.

“వదినె వంట మంచిగనే చేస్తది,” అన్నాడు. “నా కాలు సగం ఉడికింది.”

“మిగిలిన సగం మాపటికి,” అంది సంగీత.

అందరూ చారి అని పిలిచే బ్రహ్మచారి దుకాణం గల్లీ చివర. రేకుల కప్పు, లోపల ఎండాకాలం పొయ్యిలో ఉన్నట్టే ఉంటుంది. ఇనుము చెక్కే ఖరాద్ మిషన్ కరెంటు లేక ఆగి ఉంది గనక ఆయన బల్లకు ఏదో బిగించి ఆకురాయితో రుద్దుతున్నాడు. వీళ్లను చూసి నవ్వబోయాడు.

“రాండ్రి రాండ్రి. నరేశా, చెయ్యి ఎట్లున్నది…”

నరేశ్ సుత్తె పిడితో ఆయన నోటి మీద కొట్టాడు.

బ్రహ్మచారి ఇనప రజను మీద మోకాళ్లతో పడ్డాడు. పరమేశ్ ఆయన జుట్టు పట్టి తల వెనక్కి విరిచాడు. కమలాకర్ అడ్డం పోబోతే నరేశ్ సుత్తెను బ్రహ్మచారి కణత దగ్గర పెట్టాడు. “ఇంకొక్క అడుగేసినవంటే చారి తలకాయ ఇక్కడనే పల్గుతది.”

కమలాకర్ ఆగిపోయాడు. గల్లీలో వాళ్లు వాకిలి దాకా వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ లోపలికి రాలేదు.

“ఈ పిన్ను ఎవరు చెయ్యమన్నరు చారన్నా?”

బ్రహ్మచారి ఊశాడు. రజనులో ఒక పన్ను పడింది. దాన్ని కాసేపు చూశాడు. “జుట్టు ఇడువు. చూపెడ్త,” అన్నాడు. “నోటితోని చెప్తే నమ్మవు.”

పరమేశ్ వదిలాడు. బ్రహ్మచారి డబ్బాలోంచి తను చేసిన పిన్ను ఒకటి తీసి బల్లకు బిగించి ఆకురాయి పెట్టాడు. రాయి కరకరా కొరికింది, ఇనుము పొడి రాలింది.

“ఇది నాది. కచ్చా.”

నరేశ్ ఇచ్చిన పిన్ను బిగించాడు. ఆకురాయి దాని మీద గాజు మీద జారినట్టు జారింది. గీత కూడా పడలేదు.

“ఇది నాది కాదు.”

“గట్టిగ కాల్చినవ్ కావచ్చు.”

“కచ్చా ఇనుమును ఎంత కాల్చినా గిట్ల కాదు నరేశా. ఇనుముల బొగ్గు గుణం ఉండాలె. అది ఉన్నదాన్ని ఎర్రగ కాల్చి ఒక్కపారి నూనెల ముంచితే ఉక్కు కరుసైతది. దాన్నే బూడిదల పెట్టి మెల్లగ సల్లారనిస్తే మెత్తగైతది. కమలాకర్, సాన తిప్పు.”

ఖరాద్‌కు కరెంటు కావాలి గానీ, బ్రహ్మచారి తండ్రి నాటి సానచక్రం చేత్తో తిరుగుతుంది. కమలాకర్ పిడి పట్టుకుని తిప్పాడు. తన నేరానికి తనే చక్రం తిప్పుతున్నట్టుందని సంగీతకు అనిపించింది. బ్రహ్మచారి ముందు పాత ప్లాస్టిక్ పిన్నును ఆనించాడు. రవ్వ లేదు. కమురు వాసన వచ్చింది, కరిగి రాయికి అంటుకుంది.

“ఇది కరుగుతది, అంతే. ఎవన్నీ ఏమనదు.”

తర్వాత తన కచ్చా పిన్ను. గడ్డిపోచల్లాగా పొడుగాటి రవ్వలు సాఫీగా వెళ్లి ఆరిపోయాయి.

చివరికి ఆ పిన్ను. చీకటి దుకాణంలో చిచ్చుబుడ్డి వెలిగింది. రవ్వ రవ్వకూ కొమ్మలు, కొమ్మ కొమ్మకూ పువ్వులు. నరేశ్ ముఖం ఆ వెలుగులో ఒక్క క్షణం చిన్నపిల్లవాడి ముఖంలా కనిపించింది.

“పాతకాలపు ఉక్కు,” అన్నాడు బ్రహ్మచారి. “మా తాతలు కాల్చి నూనెల ముంచిన రకం. బజార్ల దొరకది.”

“మంచిది పెడితే తప్పయిందా?” అన్నాడు పరమేశ్.

“మంచిదే. కత్తికి మంచిది. మిషన్ల యాడనో ఒక కాడ కచ్చాది ఉండాలె. ఏదో ఒకటి ఇరగాలె కొడుకా. లేకుంటె మనిషి ఇరుగుతడు.”

“నాకు పాఠం వద్దు. ఎవరు తెచ్చిచ్చిన్రు దీన్ని?”

బ్రహ్మచారి తల దించుకుని చేతిలోని పిన్నునే చూస్తున్నాడు. నరేశ్ ఆయన కడుపులో తన్నాడు. ఆయన బల్ల కాలు పట్టుకుని వంగిపోయాడు గానీ నోరు విప్పలేదు. పిన్ను నేల మీద దొర్లి సంగీత కాళ్ల దగ్గరికి వచ్చింది.

ఆమె వంగి తీసింది. సానకు ఇంకా వేడిగా ఉంది. నడుమ చుట్టూ సన్నటి గాడి, దారపు తాడు పట్టేందుకు చేసిన గాడి. ఆ గాడిలో నల్లటి నూనె కింద ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీరింది. కుంకుమ. కింద పసుపు. దాని కింద మళ్లీ కుంకుమ.

ఏటేటా తన వేలితో పెట్టింది తనే.

తలెత్తింది. కమలాకర్ ఆమె చేతినే చూస్తున్నాడు. భార్యాభర్తలు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. ముందుగా కమలాకర్ చూపు తిప్పుకున్నాడు.

“ఇటియ్యి వదినె,” అని నరేశ్ సుత్తె చంకలో ఇరికించి పిన్ను లాక్కుని జేబులో వేసుకున్నాడు. “చారి నోరు ఇప్పకుంటే మాయె. అవ్వ అన్నట్టు కదురు మీదనే చెప్పిస్త. పా.”

మగవాళ్లు బయటికి నడిచారు. సంగీత కొంగు చింపి బ్రహ్మచారి నోటికి అదిమింది.

“కాకా దర్వాజ గడియకని చెప్పిండు సంగీతమ్మా,” అన్నాడాయన, గుడ్డ వెనక నుంచి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు. “సాన మీద కోసిచ్చింది నేనే. పిన్ను కొలత అని నాకైన ఎరుక కావాలె. కాలే.”

“మరి ఎందుకు చెప్పకపోతివి? పండ్లు రాలగొట్టిరి గద.”

“రాజలింగం కాకా నన్ను ఏలు పట్టి సూరత్‌కు తెచ్చిండు. పండ్లదేమున్నది, పోతే పోయినయ్. చెప్తే వాడు ముసలాయన్ని బతకనిస్తడా?”

* * *

దారిలో కమలాకర్ వెనకబడ్డాడు, కావాలనే. సంగీత పక్కకు వచ్చింది.

“చూసినవా?” అంది.

“ఏంది?”

“ఎర్రగ.”

“తుప్పు.”

“తుప్పు కాదని నీకు ఎరుకే.”

“తుప్పే అన్న గద.” ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎముక నొప్పి పెట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. “ఇంట్ల నోరు ఇప్పకు. నేను చేయించిన అంట. కొడ్తడు. కొట్టినంక వాని మంట సల్లారుతది.”

“నీ చెయ్యి పోతది.”

“పోనియ్యి. వానికి పోలేదా?”

“మామ ఎందుకు చేసిండో అడుగవా?”

“అడిగితే ఏమొస్తదే? అడిగితే బాపు చెయ్యి గుడ పోతది, వాని ఏళ్లు మల్ల మొలుస్తయా?” ముందు నడుస్తున్న తమ్ముడి వీపు వైపు చూశాడు. “వారం దినాలు పిన్ను ఇరగకపోతే నేను ఖుష్ అయిన సంగీతా. జర నల్లగున్నదని చూసిన. చూసి గుడ పెట్టిన. ఎందుకు ఇరుగుతలేదని అడగలే. నాది తప్పు కాదంటవా?”

ఆమె చెయ్యి విడిపించుకోబోయింది, అతను వదల్లేదు. అవతల చేత్తో అతని చెంప మీద కొట్టింది. పెళ్లయ్యాక ఎన్నడూ కొట్టలేదు. గడపల మీది కారీగర్లలో ఒకడు బీడీ నోట్లో పెట్టుకోవడం మరిచాడు.

“నీ చెయ్యి నీ ఒక్కనిదే అనుకుంటున్నవా?” అంది. “దాని మీద ఇల్లున్నది. నేనున్న. నువ్వు మంచోనివయ్యి చెయ్యి ఇచ్చి వస్తవ్. కడిగేది, తినిపించేది నేను. నన్ను అడిగినవా?”

కమలాకర్ అప్పుడు వదిలాడు. ఆమె మణికట్టు మీద అతని వేళ్ల అచ్చులు తెల్లగా ఉండి, మెల్లగా ఎర్రబడ్డాయి.

* * *

ఇంట్లో సారక్క నేల కడిగి దీపం పెట్టింది. గడప బండ మీద సుత్తె దెబ్బకు పెచ్చు లేచిన చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. రాజలింగం మంచంలో లేచి కూర్చున్నాడు. కొడుకుల ముఖాలు చూశాడు, కోడలి ముఖం చూశాడు. కోడలి ముఖం దగ్గర ఆయన చూపు ఆగింది.

“చెప్పిండా చారి?” అంది సారక్క.

“పండ్లు ఇచ్చిండు, మాట ఇయ్యలే,” అన్నాడు నరేశ్. సుత్తె ఇంకా చేతిలోనే ఉంది. “కదురు తియ్యి అవ్వా.”

“సారక్కా,” అన్నాడు రాజలింగం. “వద్దు.”

“ఎందుకు వద్దు?”

ఆయన పెట్టె వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆ మగమనిషి మాట ఎన్నడూ పెద్దగా వినబడింది కాదు. ఇవాళా ఎవరూ వినలేదు.

సారక్క చెక్కపెట్టె దించి మూత తీసింది. ఎర్రగుడ్డ మడత విప్పింది. విప్పి, అలాగే ఉండిపోయింది.

గుడ్డలో కదురు మొన ఉంది. కదురు తోక ఉంది. రెండింటినీ పసుపుదారంతో జాగ్రత్తగా కట్టి, మధ్యలో జాగా వదిలారు.

నరేశ్ సుత్తె చంకలో ఇరికించుకున్నాడు. జేబులోంచి పిన్ను తీశాడు. ఆ జాగాలో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

“నేనే కోయించిన,” అన్నాడు కమలాకర్.

సారక్క పెద్దకొడుకు వైపు చూసింది. “నువ్వా?”

“నేనే. పిన్ను ఊకె ఇరుగుతున్నదని చారికిచ్చి కోయించిన. రా నరేశా.” వెళ్లి గడప దగ్గర కూర్చుని చెయ్యి చాపాడు. “పరమేశ్ పట్టుకునుడు అవసరం లేదు. నేను గుంజుకోను.”

నరేశ్ సుత్తె మళ్లీ చేతిలోకి తీసుకుని అటు నడిచాడు.

సంగీత ఒక అడుగు ముందుకు వేసింది. ఒక మాట అంటే ముసలాయన పోతాడు. అనకపోతే ఈయన పోతాడు. మొగుడు తనవైపు చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దని. ఆ ఊపుడే ఆమె నోరు తెరిపించింది.

“అబద్ధం,” అంది. “కదురు ముంగట అబద్ధం ఆడకు.”

కమలాకర్ ఆమెను చూసిన చూపు సుత్తె దెబ్బ కన్నా గట్టిది.

“మరి ఎవరు వదినె?” అన్నాడు నరేశ్.

ఆమె ఎవరి వైపూ చూడలేదు. దీపం వైపు చూసింది. మంచం కిర్రుమంది.

“నేనేరా,” అన్నాడు రాజలింగం.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. “పిన్ను ఇరిగిన పొద్దల్లా మీరిద్దరు ఇంట్ల కొట్టుకుందురు. ఒకని నెత్తురు ఒకడు చూసేదాకా ఇడువకపోదురు. గట్టిది ఒక్కటి పెడితే మిషన్ ఆగది, కొట్లాట ఆగుతదనుకున్న. మా అవ్వ కదురు… పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి అది ఇరగంగ నేను చూడలే. మొక్కి కోయించిన. మొక్కి, ఇంట్ల ఉన్న మీ పిన్నుల డబ్బాల కలిపిన. కాపాడుతదనుకున్న బిడ్డా.”

దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు. నడిచి వెళ్లి పెద్దకొడుకు పక్కన కూర్చున్నాడు. కమలాకర్ చెయ్యి పక్కకు నెట్టి తన కుడిచెయ్యి బండ మీద పెట్టాడు. నరాలు తేలిన చెయ్యి. బతుకంతా దారం లాగి లాగి చూపుడువేలు మీద గాడి పడిన చెయ్యి.

సారక్క ఎర్రగుడ్డ ఒళ్లో పెట్టుకుని కూలబడింది.

“బాపూ, చెయ్యి తియ్యి,” అన్నాడు నరేశ్.

“అన్నమాట అన్నవ్ గద, మార్కండేయ సామి అయినా ఇడువనని.”

“తియ్యమంటున్న.”

“నేను తియ్య.”

“తియ్యకుంటే కొడ్త బాపూ. నేను మనిషి లెక్క లేను ఇప్పుడు. నిజంగ కొడ్త.”

“కొట్టు.”

సుత్తె లేచింది. నరేశ్ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, అయినా సుత్తె లేచింది. సంగీత ముందుకు దూకబోతే పరమేశ్ ఆమె జబ్బ పట్టుకున్నాడు. ఆమె అతని చెయ్యి కొరికింది, నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది, అతను వదల్లేదు. ఆ లోపల కమలాకర్ తన అరచెయ్యి తెచ్చి తండ్రి చేతి మీద బోర్లించాడు. తండ్రి కింద నుంచి లాక్కోబోయాడు. కొడుకు వేళ్లు బిగించి ఒత్తిపట్టాడు.

బండ మీద ఇప్పుడు రెండు చేతులు.

అప్పుడే కరెంటొచ్చింది. గల్లీలోని మగ్గాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. నేల అదిరింది, దీపం అదిరింది, గుడ్డలోని మూడు ఉక్కు ముక్కలు ఒకదానికొకటి తాకి అదిరాయి. నరేశ్ తలపైన సుత్తె అలాగే ఉంది. అతని పెదవులు కదులుతున్నాయి. తండ్రితో అంటున్నాడో, అన్నతో అంటున్నాడో, ఆ చప్పుడులో ఎవరికీ వినబడలేదు.